నాను అంటే నానమ్మ

వేసవి సెలవులకి టెక్కలి దగ్గరున్న మా ఊరు వెళ్ళిన రెండో రోజు. అరుగు మీద కూర్చున్న పక్కింటి పెద్దాయన మా అబ్బాయిని పలకరించాడు: "ఏటి బావు, ఎప్పుడొచ్చినావు?" ఏడేళ్ళ మా వాడు ఆయన చొక్కా గుండీ వైపు చూస్తూ, "నేను నిన్న సాయంత్రం ఆరు గంటలకు వచ్చాను. మీరు ఎవరు?" అన్నాడు. అరుగు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. "వార్తలు సదివినట్టు సెప్పీసినాడు" అన్నారెవరో. మా వాడికి ఆటిజం ఉందని వాళ్ళందరికీ తెలుసు. చెడ్డ నవ్వు కాదది. అయినా మా నాన్న ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి భోజనాలయ్యాక వాదం మొదలైంది. నాన్న రిటైరైన తెలుగు లెక్చరర్. ఉత్తరాంధ్ర పలుకుబళ్ళు పోగుచేస్తూ ముప్ఫై ఏళ్ళు ఊళ్ళు తిరిగిన మనిషి. చెల్లి హైదరాబాదులో సినిమాలకి, సీరియళ్ళకి సబ్‌టైటిల్స్ రాస్తుంది. తనకీ ఆటిజం ఉందని ఇరవై తొమ్మిదో ఏట తెలిసింది. వాళ్ళిద్దరి మాటలూ గుర్తున్నంత వరకు రాస్తున్నాను.

నాన్న: మీ అన్నయ్య కూతురూ హైదరాబాదు పిల్లే కదా. ఊళ్ళో దిగిన నాలుగో రోజుకి "ఏటి", "బేగి రా", "కూకో" అన్నీ నోట్లోకి వచ్చేస్తాయి. వీడు ఏటా వస్తున్నాడు. ఒక్క "ఏటి" అనడం ఇంతవరకు వినలేదు. యాస పుస్తకంలో చూసి నేర్చుకునేది కాదమ్మా. మనుషులకి దగ్గరవుతుంటే దానంతటది అంటుకుంటుంది. వీడికి అంటలేదంటే వీడు మనకి దగ్గర కాలేదనేగా. నా బాధ అది.

చెల్లి: మీ బాధ నిజమే నాన్నా. మీరు చెప్పిన కారణం మాత్రం తప్పు. ఇదే గొడవ జపాన్‌లో ఒక ఇంట్లో జరిగింది. ఉత్తరాన అఒమొరి అని ఒక ప్రాంతం ఉంది. అక్కడిది త్సుగరు యాస, టోక్యో వాళ్ళకి ఒక పట్టాన అర్థం కాదు. ఒకావిడ అక్కడ పసిపిల్లల ఎదుగుదల పరీక్షలు చేసేచోట పనిచేసేది. ఒకరోజు ఇంటికొచ్చి, "ఆటిజం ఉన్న పిల్లలు త్సుగరు యాస మాట్లాడరు కదా" అంది. ఆవిడ భర్త మట్సుమొటో తొషిహరు. అప్పట్లో హిరొసకి విశ్వవిద్యాలయంలో ఇలాంటి పిల్లల చదువు గురించే పాఠాలు చెప్పే ఆచార్యుడు. "అలా ఉండదు, వాళ్ళ గొంతు తీరు వల్ల అలా వినిపిస్తుంది" అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. తన మాట నెగ్గించుకుందామని ఆయన మొదలుపెట్టిన ఆరా ఏళ్ళ తరబడి సాగింది. మిగతా ప్రాంతాల బడుల్లో అడిగినా అదే జవాబు: ఈ పిల్లల నోట ఊరి యాస తక్కువ. చివరికి 2017లో పుస్తకం వేశాడు. దాని పేరే "ఆటిజం ఉన్నవాళ్ళు త్సుగరు యాస మాట్లాడరు". ఆవిడ మాటే నిలబడింది.

నాన్న: మరి నేనన్నదీ అదేగా!

చెల్లి: ఇద్దరూ చూసింది ఒకటే. ఎందుకన్నదాంట్లోనే తేడా. ట్యునీసియాలో కూడా ఇలాగే ఉంది. అక్కడ ఇళ్ళల్లో, వీధుల్లో మాట్లాడే అరబ్బీ వేరు. కార్టూన్లలో, వార్తల్లో, పుస్తకాల్లో ఉండే అరబ్బీ వేరు. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు ఇంట్లో ఎవరూ మాట్లాడని ఆ కార్టూన్ల అరబ్బీలో మాట్లాడుతున్నారని బెల్జియం భాషావేత్త మిఖాయిల్ కిసీన్ బృందం 2019లో రాసింది. మనింట్లో ఒక పిల్ల చిన్నయసూరి తెలుగులో మంచినీళ్ళు అడిగినట్టు అనుకోండి. ఆ పిల్లలు మాట నేర్చుకోలేకపోలేదు. కదలకుండా నిలబడే చోటు నుంచి నేర్చుకున్నారు. ఒక కార్టూన్ వందసార్లు పెట్టండి, వందసార్లూ అదే గొంతు, అదే మాట, అదే చోట విరుపు. మనుషులు అలా ఉంటారా?

నాన్న: మనుషులు అలా ఉండరు కాబట్టే అది మనుషుల భాష. గిడుగు రామమూర్తి గారు మన జిల్లాలోనే పుట్టారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం. జనం నోటి మాటకి విలువ ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఆయన జిల్లాలో, నా ఇంట్లో, నా మనవడు అచ్చుపుస్తకంలా మాట్లాడుతుంటే నాకెలా ఉంటుంది?

చెల్లి: ఎవరి నోట ఏ మాట ఉందో దాన్ని బట్టి మనిషిని చిన్నబుచ్చకూడదనే కదా ఆయన పోరాడింది. ఇవాళ అరుగు మీద నవ్వింది దేనికి?

నాన్న కాసేపు మాట్లాడలేదు. పైన ఫ్యాను గొణుగుతోంది. చెల్లి లేచి వెళ్ళి దాన్ని ఆపేసి వచ్చి కూర్చుంది. ఇంత ఉక్కలో ఫ్యాను ఎందుకు ఆపుతోందో అని నేను చిన్నప్పటి నుంచి విసుక్కునేదాన్ని. ఆ రాత్రే అడిగాను.

చెల్లి: ఫ్యాను చప్పుడూ నాన్న మాటా నాకు ఒకే ఎత్తులో వినిపిస్తాయి అక్కా. నీ చెవి చప్పుడుని పక్కకి తోసేసి మాటని ముందుకి తెస్తుంది. నా చెవి అన్నిటినీ ఒకేసారి తెచ్చి ముందు పోస్తుంది. పెళ్ళింట్లో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే నాకు గొంతులు వినిపిస్తాయి, రాగం వినిపిస్తుంది, మాటలు వినిపించవు. శ్రుతి తేడాలు మాలో కొందరికి మీకంటే బాగా తెలుస్తాయి. పిన్ని "బాగున్నావా" అనడంలో ఇవాళ్టికీ నిన్నటికీ ఉన్న తేడా నేను పట్టుకోగలను. ఆ తేడాకి అర్థమేమిటో పట్టుకోలేను. ఇక యాస. ఒకే మాట నానమ్మ నోట ఒకలా, నాన్న నోట ఇంట్లో ఒకలా, కాలేజీలో ఒకలా, టీచరు నోట ఇంకోలా. "నేను" అని పుస్తకంలో ఉంది. "నాను" అని నానమ్మ అనేది. అది నానమ్మ ఒక్కతే అనేది. నాకు ఆరేళ్ళు వచ్చేదాకా "నాను" అంటే నానమ్మ అనే అనుకున్నాను. "నానొస్తాను" అంటే "నానమ్మ వస్తుంది" అని. ప్రతిసారీ నానమ్మే వచ్చేది కాబట్టి నా లెక్క ఎప్పుడూ తప్పలేదు.

నాన్న: (నవ్వబోయి ఆగి) అలా అనుకున్నావని మాకెప్పుడూ చెప్పలేదు.

చెల్లి: తప్పని తెలిస్తే కదా చెప్పడానికి. బియ్యం సంగతి గుర్తుందా? నాకు ఎనిమిదేళ్ళు. నానమ్మ "బియ్యం నిండుకున్నాయని కొట్లో సెప్పిరా" అంది. వెళ్ళి, "మా ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నాయి, మాకు వద్దు" అని చెప్పి వచ్చాను.

ఇది మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ. నా పెళ్ళిలో నేనే మా అత్తగారి వాళ్ళకి చెప్పి నవ్వించాను. చెల్లి పక్కనే ఉంది. తనూ నవ్వింది. అందరూ నవ్వినప్పుడు నవ్వాలని నేర్చుకుని నవ్విందని ఆ రాత్రి చెబితే తెలిసింది. ఆ నవ్వు నేను మరిచిపోలేను.

నాన్న: అది మన భాషలో ఉన్న అందం తల్లీ. ఇంట్లో బియ్యం లేవు అనే మాట నోట రాకూడదని నిండుకున్నాయి అంటాం. దీపం ఆరిపోయింది అనలేక కొండెక్కింది అంటాం. గడప దాటేవాడు "వెళ్తాను" అనడు, "వెళ్ళొస్తాను" అంటాడు. లేమిని కూడా కలిమి మాటతో చెప్పుకున్నారు మనవాళ్ళు. దీన్ని పారేసి అందరూ తిన్నగా మాట్లాడాలంటావా?

చెల్లి: పారేయమని నేను అనలేదు. ఇప్పుడు మీరు చెప్పినట్టు అప్పుడు చెబితే చాలు. లెక్క తప్పు చేసిన పిల్లని కూర్చోబెట్టి లెక్క చెప్తారు. మాట తప్పుగా అర్థం చేసుకున్న పిల్లని చూసి నవ్వి, మళ్ళీ నలుగురిని పిలిచి నవ్విస్తారు. ఆ కారణం నాకు ఎనిమిదేళ్ళప్పుడు చెప్పి ఉంటే అప్పటి నుంచే ఆ మాటని ప్రేమించేదాన్ని. నేను మాటలని ప్రేమిస్తాను నాన్నా. అందుకే ఈ పనిలో ఉన్నాను.

నాన్న: సరే. కానీ వీడి సంగతి వేరు. అరుగు మీద "నేను" అన్నవాడే దాహం వేస్తే "నీకు నీళ్ళు కావాలా?" అంటాడు. తనెవరో ఎదుటివాడెవరో తేడా నిలకడగా తెలియని పిల్లాడు యాస దాకా ఎలా వస్తాడు?

చెల్లి: 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లల గురించి రాశాడు. ఆటిజం మీద వచ్చిన తొలి వ్యాసాల్లో అదొకటి. ఈ నువ్వు–నేను తారుమారు అందులోనే ఉంది. చాలా ఏళ్ళు అందరూ మీలాగే అనుకున్నారు. కానీ వాడి వైపు నుంచి చూడండి. ఎవరో "నీకు నీళ్ళు కావాలా?" అన్నారు, వెంటనే నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తెచ్చే వాక్యం అదే అని వాడు దాచుకున్నాడు. ఇలా తిరిగి చెప్పడం ఉత్త చిలకపలుకు కాదని, అడగడానికీ, ఒప్పుకోవడానికీ, తనకి తాను సర్దిచెప్పుకోవడానికీ పిల్లలు దాన్ని వాడుకుంటారని బారీ ప్రిజాంట్, జుడిత్ డుకన్ 1981లోనే చూపించారు. వాడు మీతో మాట్లాడుతూనే ఉన్నాడు. మీరు వాక్యంలో వ్యాకరణం చూస్తున్నారు.

నాన్న: అంటే తప్పంతా మాదే అంటావు.

చెల్లి: సగం అంటాను. డామియన్ మిల్టన్ అని బ్రిటన్‌లో ఒక సామాజికశాస్త్రవేత్త ఉన్నాడు, ఆయనా ఆటిజం ఉన్నవాడే. 2012లో ఒక వ్యాసం రాశాడు. మా మనసు మీకు ఎంత అందదో, మీ మనసు మాకూ అంతే అందదు, ఇది ఇద్దరి మధ్యా ఉన్న లోపమే గాని మా ఒక్కరి తలలో ఉన్న లోపం కాదు అన్నాడు. 2020లో కాథరిన్ క్రాంప్టన్ బృందం డెబ్భై రెండు మందితో ఒక పరీక్ష చేసింది. ఎనిమిదేసి మంది వరస. మొదటివాడికి ఒక కథ చెప్తారు, వాడు రెండోవాడికి, అలా చివరిదాకా. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళే అయిన వరసలో కథ ఎంత నిలిచిందో, అందరూ మీలాంటివాళ్ళే అయిన వరసలోనూ అంతే నిలిచింది. ఇద్దరినీ కలిపిన వరసలో ఎక్కువ జారిపోయింది.

నాన్న: బాగుంది. మళ్ళీ ఎవరైనా చేసి చూశారా?

చెల్లి: చేశారు. 2025లో 311 మందితో ఇంకా పెద్దగా చేశారు. ఈసారి కలిపిన వరసలో కూడా తేడా కనపడలేదు.

నాన్న: అయితే నీ వాదం వీగిపోయినట్టే.

చెల్లి: కలిస్తే జారిపోతుందన్న ముక్క బలహీనపడింది, ఒప్పుకుంటాను. కానీ మావాళ్ళ వరస రెండుసార్లూ వెనకబడలేదు. మాకు మాట అందించడం రాదు అన్న మీ ముక్క రెండుసార్లూ నిలవలేదు.

ఇక్కడ నాన్న మంచి మాటే అన్నాడని రాయాలి. ఆయన మొండితనంతో వాదించే మనిషి కాదు.

నాన్న: ఆ జపాన్ ఆచార్యుడు అంతటితో ఆగాడా? పెద్దయ్యాక యాస పట్టుకున్నవాళ్ళు ఒక్కరైనా లేరా?

చెల్లి: ఉన్నారు. 2020లో వేసిన రెండో పుస్తకంలో ఆయనే రాశాడు. మనుషులతో కలిసే కొద్దీ యాసలోకి వచ్చినవాళ్ళు కొందరు కనిపించారని.

నాన్న: చూశావా! తలుపు మూసి లేదు. అలాంటప్పుడు వీడికి నేర్పిస్తే తప్పేమిటి? రోజుకి పది మాటలు. "ఏటి" అను, "ఎల్తన్నాను" అను, అని కూర్చోబెట్టి.

చెల్లి: అలా నేర్చుకున్నదాన్ని నేను. విశాఖపట్నంలో హాస్టల్లో ఉన్నప్పుడు నా రూమ్మేటుది గోదావరి యాస. ఒంటరిగా ఉండలేక ఆ అమ్మాయి ఎలా మాట్లాడితే అలా మాట్లాడాను. ఆ సాగదీతతో సహా, "అండీ"లతో సహా అచ్చంగా దిగిపోయింది. మాలో కొందరికి ఏ యాసా అంటదు, కొందరికి అందరి యాసా అంటుకుంటుంది. తనని వెక్కిరిస్తున్నానని ఆ అమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది. నాకు కారణం తెలియడానికి రెండేళ్ళు పట్టింది. అప్పటి నుంచి ప్రతి మనిషి ముందూ, ఎంత దించాలి, ఎక్కడ ఆపాలి అని కొలుచుకుంటూ మాట్లాడతాను. సాయంత్రానికి తల పగిలిపోతుంది. మీరు వాడికి "ఏటి" నేర్పితే వాడు నేర్చుకుంటాడు. మీ కోసం నేర్చుకుంటాడు. వాడు దగ్గరవుతాడన్న మాట మాత్రం నేను చెప్పలేను.

నాన్న: దగ్గర... (చాలాసేపు ఆగి) ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. అక్క నన్ను "నువ్వు" అంటుంది. అన్నయ్యా అంతే. నువ్వొక్కదానివే "మీరు" అంటావు. నీకు అయిదో ఏడు వచ్చిన దగ్గర్నుంచీ. పరాయివాణ్ణి అన్నట్టు ఉంటుంది నాకు.

చెల్లి: అయిదో ఏట మీరే చెప్పారు, పెద్దవాళ్ళని "మీరు" అనాలని. ఈ గదిలోనే చెప్పారు. నేను ఆ రోజు నుంచి అంటున్నాను. నాన్నకి మినహాయింపు ఉందని ఎవరూ చెప్పలేదు. అక్క "నువ్వు" అంటుంటే అది అక్క చేస్తున్న తప్పనుకున్నాను. మీరు చెప్పినది నేనొక్కదాన్నే పాటిస్తున్నానని సంతోషంగా ఉండేది.

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ తర్వాత మాట్లాడింది నేను. చెప్పకపోతే ఈ వాదం మొత్తం అబద్ధమైపోతుందని అనిపించింది.

మా వాడికి మూడేళ్ళప్పుడు హైదరాబాదులో ఒక స్పీచ్ థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్ళాం. వాడి చుట్టూ ఇన్ని భాషలు వద్దు, ఒక్కటే ఉంచండి, ఇంగ్లీషయితే మంచిది అన్నారు. మేము విన్నాం. నేను ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని. నాకు కోపం వస్తే, ఏడుపొస్తే, జోకొట్టాలంటే వచ్చేది ఈ యాసే. దాన్ని నా నోట్లోంచి తీసేశాను. వాడితో ఇంగ్లీషు మాట్లాడాను. వాడు ఇంగ్లీషూ పలక్కపోతుంటే తెలుగుకి వచ్చాను, అదీ వార్తల్లో మాట్లాడే తెలుగు, ప్రతి మాటా విడదీసి. ఫోనులో అమ్మతో మాట్లాడేటప్పుడు వేరే గదిలోకి వెళ్ళేదాన్ని, వాడి చెవిన పడకూడదని. మిగతాది కార్టూన్లు నేర్పాయి. ఈ నాలుగేళ్ళలో ఈ యాస వాడు విన్నది ఏటా వారం రోజులు, అరుగు మీద, అందరూ ఒకేసారి మాట్లాడుతుండగా.

చెల్లి: ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు అక్కా. 1994లో ఇంగ్లండులో సైమన్ బారన్-కోహెన్, రూత్ స్టాంటన్ ఒక పరిశీలన చేశారు. వాళ్ళు చూసింది వేరే దేశం యాసతో ఇంగ్లీషు మాట్లాడే తల్లుల పిల్లల్ని. ఆటిజం లేని తోబుట్టువులు బళ్ళో స్నేహితుల యాస పట్టుకున్నారు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఎక్కువమంది అమ్మ యాసనే ఉంచుకున్నారు. స్నేహితులతో కలవలేక అలా జరిగిందని వాళ్ళు రాశారు. నేను చదివినప్పుడు నాకు అందులో ఇంకోటి కనిపించింది. అమ్మ మాట ఆ పిల్లల్లో ఎంత లోతుగా దిగిందో కనిపించింది. మన వాడికి దించుకోవడానికి అమ్మ యాసే దొరకలేదు.

నాన్న: ఒకే భాష ఉండాలని ఎందుకు చెప్పారే? నిజంగా నష్టమా?

చెల్లి: నష్టమని తేలలేదు. 2012లో మాంట్రియల్‌లో హాంబ్లీ, ఫొంబొన్ అనేవాళ్ళు చూశారు. రెండు భాషలు వింటూ పెరిగిన ఆటిజం పిల్లలు ఒకే భాష విన్న ఆటిజం పిల్లల కంటే మాటల్లో వెనకబడలేదు. ఆ తర్వాతా ఇలాంటి ఫలితాలే వచ్చాయి.

నాన్న ఇంకేమీ అనలేదు. లేచి అటక మీద నుంచి ఒక రేకు డబ్బా దింపాడు. 1986 నుంచి ఊళ్ళ వెంట తిరిగి రికార్డు చేసిన కేసెట్లు. మూడోదాని మీద నాన్న దస్తూరీతో "అమ్మ – పేదరాశి పెద్దమ్మ కథ" అని ఉంది. నానమ్మ గొంతు.

నాన్న: ఇది మారదుగా. వందసార్లు పెట్టినా ఇలాగే ఉంటుంది.

చెల్లి: ఉంటుంది. కానీ వాడు "ఏటి" అంటాడని మాత్రం ఆశ పెట్టుకుని పెట్టకండి. కథ కోసం పెట్టండి.

నాన్న: ఆశ పెట్టుకోవద్దంటే నా వల్ల కాదు. వాడికి కనపడనివ్వను, అంతే.

వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రాలేదు. యాస వస్తేనే ఊరివాడవుతాడని నాన్న ఇప్పటికీ లోలోపల అనుకుంటాడు. ఏ మాట మాట్లాడినా వాడు ఈ ఊరివాడే అని చెల్లి అంటుంది. నేను చెల్లి వైపు ఉన్నాను. అయినా నాన్న కేసెట్ పాడవకుండా ఫోనులోకి ఎక్కించి తెచ్చుకున్నాను. మా వాడు రోజూ రాత్రి ఫ్యాను ఆపేయించి ఆ కథ వింటున్నాడు. ఎక్కడ నానమ్మ దగ్గిందో అక్కడ తనూ దగ్గుతాడు. ఆ యాసలో ఒక్క మాటా ఇంతవరకు అనలేదు. నేను మాత్రం వాడితో మళ్ళీ మా ఊరి మాటే మాట్లాడుతున్నాను, మెల్లిగా, ఒక్కో మాటా, ఎదురుగా కూర్చుని. తిరకాసు మాట వస్తే దాని అర్థం కూడా చెబుతున్నాను.

మాటలు ఆలస్యమైన బిడ్డ మీ ఇంట్లో ఉండి, ఇంటి భాష మానేయమని ఎవరైనా చెబితే, ఏ ఆధారంతో చెబుతున్నారో దయచేసి అడగండి. మేము అడగలేదు. నాలుగేళ్ళు పోయాయి.